రామకోటయ్య మెట్టురాయి

కల్లూరులో నాపరాళ్ల వ్యాపారం చేసే రామకోటయ్య రాయిని కళ్లతో కొనడు, చెవులతో కొంటాడు. వేలి కణుపుతో టకటకా కొట్టి, తల పక్కకు వంచి వింటాడు. ఖంగుమంటే మంచి రాయి, బొదబొదమంటే లోపల బీట ఉన్నట్టు. ఇంతవరకు నిజమే. ఆ రాయి బేతంచెర్లలో ఏ గనిలో పుట్టిందో, దాన్ని తవ్వినవాడు ఆ పొద్దు సంగటి తిన్నాడో బువ్వ తిన్నాడో కూడా ఆ చప్పుడులోనే పసిగట్టేస్తాడని జనం అంటారు. ఆయన కాదనడు. ఆ చెవి ఆయనను రాళ్ల విషయంలో ఎన్నడూ మోసం చేయలేదు కాబట్టి, మిగతా లోకాన్ని కూడా దానికే అప్పగించాడు. పుచ్చకాయను కొట్టి చూస్తాడు, కుండను కొట్టి చూస్తాడు. పెళ్లిచూపులకు వచ్చిన అల్లుడి వీపు చరిచి, "గట్టోడే, ఖాయం చేయండి" అన్నాడని కూడా ఒక కథ ఉంది.

ఆయన వాకిట్లో ఏనుగులాంటి కారు ఒకటి ఉంటుంది. ఏడుగురు కూర్చునే బండి. గనుల దారుల్లో తిరిగి తిరిగి దాని టైర్లు నున్నగా అరిగిపోయాయి. భార్య అనసూయమ్మ అందులో ఎక్కడం మానేసింది.

"నేను మొక్కుకోలేదు గానీ, మీ టైర్లు గుండు మొక్కుకున్నట్టుండాయి. ఒక్క వెంట్రుక మిగల్లేదు" అంది ఒక పొద్దున.

"మారుస్తాలేవే."

"బేస్తవారం మంత్రాలయం పోవల్ల. నేను ఎక్కి దిగేటట్టు బండిని బాగుచేస్తే మీతో వస్తా. లేకుంటే ఈ వాకిలి ముందే షేర్ ఆటో ఎక్కి బస్టాండుకు పోతా. వీధంతా చూడనీ."

వీధిలోకెల్లా పెద్ద బండి ఉన్నవాడి భార్య షేర్ ఆటో ఎక్కడమంటే ఏమిటో రామకోటయ్యకు విడమరచి చెప్పనక్కర్లేదు. అనసూయమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె కారు ఎక్కేందుకు ఒక పద్ధతి ఉంది: పక్కనున్న ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి, పైన పిడి పట్టుకుని, "రాఘవేంద్రా!" అని ఒక్క కేక వేస్తుంది. మిగతాది స్వామి చూసుకుంటాడు.

టైర్ల దుకాణం దేవేంద్రప్పది. రామకోటయ్యతో కలిసి చదువుకున్నాడు, కలిసి తప్పాడు. అతను కారు తలుపు తెరిచి, లోపలి అంచుకు అంటించిన కాగితాన్ని చూపించాడు.

"ఏ సైజు వేయల్లనో ఈడ రాసుండాది చూడప్పా. రిమ్ము పెద్దది కావల్లంటే టైరు మందం తగ్గించల్ల. మొత్తం చక్రం ఎత్తు మారకూడదు. రెండూ పెద్దవే అంటే మలుపులో రాసుకుంటాది."

రామకోటయ్య అక్కడ ఉంటే కదా! గోడకు ఆనించిన రిమ్ముల దగ్గర వంగి, ఒక్కొక్కదాన్ని కణుపుతో కొడుతూ పోతున్నాడు. చివరి సెట్టు దగ్గర ఆగిపోయాడు. ఖంగ్!

"దేవేంద్రప్పా, వింటివా? గంట మోగినట్టు లేదూ?"

"గుళ్లో కట్టేదానికి కొంటాండావా, బండికి కొంటాండావా? అది నీ సైజు కాదు."

"బోల్టు రంధ్రాలు ఆరూ సరిపోతాయి కదప్పా!"

"కాళ్లు రెండేనని నా ప్యాంటు నీకు పడతాదా?"

రామకోటయ్య వినలేదు. ఆ రిమ్ములకు తగ్గట్టు, చేతికి ఆనేంత మందంగా ఉన్న టైర్లు కూడా తనే ఏరాడు. బిగించారు. బండి రెండు వేళ్లు పైకి లేచింది. స్టీరింగు తిప్పగానే ముందు టైరు పోయి ఫుట్‌బోర్డు కొసను గర్రుమని గీరింది.

"చెప్తి కదా" అన్నాడు దేవేంద్రప్ప. "ఇప్పుడు రిమ్ములు తీయల్లనా, ఫుట్‌బోర్డు తీయల్లనా?"

రామకోటయ్య రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. బండి కొమ్ములు ఎత్తిన కోడెలా నిలబడి ఉంది. "ఫుట్‌బోర్డే తీసెయ్."

"మా వదిన ఎట్ల ఎక్కుతాది?"

"ఎక్కుతాదిలే. నువ్వు తీయి."

బేస్తవారం పొద్దున నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, బండిని ముందుకు కదిలించి తొక్కించాడు. పట్టుచీర కట్టుకుని అనసూయమ్మ వచ్చింది. అలవాటుగా కాలు ఎత్తింది. కింద ఏమీ తగల్లేదు.

"మెట్టు యాడ?"

అప్పటికే వీధి తలుపులు తెరుచుకుంటున్నాయి. మూలమలుపులో షేర్ ఆటో ఒకటి హారన్ కొట్టింది. అనసూయమ్మ అటు చూసింది. రామకోటయ్య తన రాళ్ల కొట్టంలోకి పరుగుపెట్టి, అడుగు వెడల్పు, బెత్తెడు మందం ఉన్న కడప రాయిని ఒకటి మోసుకొచ్చి తలుపు కింద పెట్టాడు. అంత తొందరలోనూ కొట్టి విన్నాడు.

ఆమె దాని మీద కాలు పెట్టి, స్వామిని పిలిచి, ఎక్కి కూర్చుంది. "బాగుండాది. మరి దిగేటప్పుడో?"

రాయిని డిక్కీలో పెట్టుకోక తప్పలేదు.

ఆ రోజు అనసూయమ్మకు దారిపొడుగునా పనులే. కోడుమూరులో ఉగ్గాని బజ్జీ తినాలనిపించింది. రాయి దిగింది, ఎక్కింది. ఎమ్మిగనూరులో చీరలు చూడాలనిపించింది, కొనకపోయినా. మళ్లీ రాయి దిగింది, ఎక్కింది. అక్కడినుంచి నాలుగు ఊళ్లు దాటాక కాళ్లు తిమ్మిరెక్కాయంది.

"ఇంగ యాడా ఆపనే!" అన్నాడు రామకోటయ్య, నడుం పట్టుకుని.

"అట్లయితే కొత్త టైర్లు ఎందుకండీ? ఆపకుండా పోయేదానికి పాతవే శానా బాగుండె."

మంత్రాలయంలో మఠం ముందు ఆమెను దించగానే, బండి తీయమని వెనక నుంచి హారన్లు మోగాయి. ఆ కంగారులో రాయిని అక్కడే మరిచి, దూరంగా ఉన్న పార్కింగుకు పోయాడు. దర్శనమయ్యాక బండిని మళ్లీ మఠం ముందుకు రానివ్వలేదు, ఇక మోయక తప్పలేదు. భుజం మీద రాయి, వెనక ప్రసాదం సంచితో కుంటుతూ భార్య. జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆదోని వైపు ముసలమ్మ ఒకామె ఆపి, రాయికి కుంకుమ పెట్టి కళ్లకద్దుకుంది.

"ఏం మొక్కు నాయనా, ఇంత బరువు?"

రామకోటయ్య రాయిని భుజం మార్చుకున్నాడు. అనసూయమ్మే అందుకుంది. "సగం తీరింది పెద్దమ్మా. ఇల్లు చేరి నేను దిగేదాకా ఉండాది."

ఆ ముసలమ్మను చూసి ఇంకొకరు, ఆ ఇంకొకరిని చూసి పదిమంది. పార్కింగు చేరేసరికి రాయి నిండా కుంకుమ, పైన తులసి దండ. రామకోటయ్య దాన్ని తలుపు కింద పెట్టాడు. అనసూయమ్మ కదల్లేదు.

"కుంకుమ పెట్టిన రాయి మీద కాలు పెట్టమంటారా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. పార్కింగులో జనం ఉన్నారు. చూస్తే చూశారనుకున్నాడు. పంచె ఎగ్గట్టి, ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో తొడ చూపించాడు.

"దీని మీద పెట్టు."

"పాపం చుట్టుకుంటాది!"

"రిమ్ములు కొనింది నేను. పాపం నాదే. ఎక్కు."

"రాఘవేంద్రా!" అని ఆమె ఎక్కేసింది. సీటులో సర్దుకుని, పమిట కొంగుతో ఆయన పంచె మీది దుమ్ము దులిపింది. "ఖంగుమనలేదు గానీ, గట్టిగానే ఉండాది" అంది.

తిరుగు దారిలో కోడుమూరు ఉగ్గాని కారు కిటికీ దగ్గరికే నడిచి వచ్చింది.

మరునాడు దేవేంద్రప్ప దుకాణం తెరిచేసరికి బండి ముందే నిలబడి ఉంది.

"ఏమప్పా, ఈ పొద్దు ఏది మోగల్ల?"

రామకోటయ్య కళ్లజోడు తగిలించుకుని, కారు తలుపు తెరిచి, అంచున ఉన్న కాగితాన్ని అక్షరం అక్షరం చదివాడు.

"ముందు ఫుట్‌బోర్డు బిగించు" అన్నాడు. "దానికి తగలకుండా చక్రాలు వెయ్యి."