మంచు మీద వేలిముద్ర

ముప్పై ఏళ్ళు ప్రెస్సులో రసీదు పుస్తకాలు అచ్చేసిన ఆయన్ని వీధంతా మసిమావయ్య అనేది. రిటైరయ్యాక చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చు తీసే పనిలో పడ్డాడు. కరిగిపోతున్న మంచుకొండను చెక్కడానికి నాలుగు నెలలు పట్టింది. సముద్రానికి నీలం సిరా. మంచుకు ఏ సిరా లేదు, కాగితం తెల్లదనమే మంచు. అందుకే అచ్చయిన కాగితాన్ని వేళ్ళతో ముట్టరు, మడిచిన అట్టముక్కతో అంచు పట్టి ఎత్తుతారు.

నాలుగు కాగితాలు చెడ్డాయి. మిగిలింది ఒక్కటే. అది చక్కగా పడింది.

"ఆ సిరా రోలరు పక్కన పెట్టి ఇది ఎత్తు, త్వరగా!" అని చెల్లెల్ని కేకేశాడు.

ఆవిడ రోలరు తీసింది, అదే చేత్తో కాగితం ఎత్తింది. మంచుకొండ నడినెత్తిన నీలంగా బొటనవేలు దిగింది.

"కళ్ళు నెత్తికెక్కాయా? నా కష్టమంతా బూడిదలో పోశావు కదే!"

"రోలరు తియ్యమంది నువ్వే కదా అన్నయ్యా..."

"నోర్ముయ్!"

వేరే దారిలేక దాన్నే ఊళ్ళో బొమ్మల ప్రదర్శనలో క్లిప్పులతో తగిలించాడు. నిర్వాహకురాలు దాని ముందు ఆగిపోయింది. "చూడండి, మనిషి చెయ్యి తగిలిన చోటే కరుగుతోంది! ఈ ఆలోచన ఎలా వచ్చిందండీ?"

"ఏదో... అలా తట్టింది."

అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనే ఉన్న చెల్లెలు కూడా కొట్టింది. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

ఇంటిదారిలో, "రేపు వెళ్ళి చెప్పేస్తాలే," అన్నాడు.

"ఏమని? వేలు నాదనా, తిట్లు నీవనా?" అంది ఆవిడ, నవ్వుతూనే. ఆ నవ్వు కంటే చెంపదెబ్బ నయమనిపించింది.

మర్నాడు వెళ్ళి చెప్పాడు. నిర్వాహకురాలు నమ్మలేదు. "మీకెంత వినయమండీ!" అని మురిసిపోయింది. ఆయన ముఖం కందగడ్డ అయింది.

ఆవిడ అటు తిరగగానే పెన్సిలు తీశాడు. అచ్చు కింద తన సంతకం పక్కన రాశాడు: "మంచు మీది వేలు మా చెల్లెలిది. నా తొందర వల్ల పడింది. తనను తిట్టాను."

చదువుకున్నాడు. చివరి మాట ఒక్కటీ చెరిపేద్దామని వేలు అక్కడి దాకా వెళ్ళింది. చెయ్యి జేబులో పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగాడు.