మిల్లు లేని మిల్లు సందు: దుఖాన్ పొగమంచులో మా నాన్న

దుఖాన్ వెళ్ళాలనుకున్నది నేను కాదు, మా నాన్న. గుడివాడలో కళ్ళ డాక్టరు ఆయనతో, "ఎడమ కన్ను పోయినట్టే. కుడిది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. చూడాలనుకున్నవి చూసేయండి పెద్దాయనా" అన్నాడట. ఇంకొకరయితే యెరూషలేము యాత్ర అనేవారు. మా నాన్న నాకు ఫోన్ చేసి ఖతార్ విజిట్ వీసా తియ్యమన్నాడు. కూతుర్ని చూసుకోవడానికేమోనని నేను మురిసిపోయాను. దిగిన మర్నాడు పొద్దున్నే, "మన ఇంగ్లీషోళ్ళ ఊరికి ఎప్పుడు తీసుకెళ్తావే?" అని అడిగాడు. నా మురిపెం అక్కడితో సరి.

ఇంగ్లీషోళ్ళ ఊరంటే దుఖాన్‌లో చమురు కంపెనీ కట్టిన బంగళాల వరస. ఖతార్‌లో చమురు మొదట పడింది ఆ పడమటి ఒడ్డునే. పెద్ద యుద్ధం వచ్చినప్పుడు బావుల్ని సిమెంటుతో మూసేసి వెళ్ళిపోయారనీ, యుద్ధమయ్యాక వచ్చి మళ్ళీ తెరిచారనీ నాన్న తనకంటే ముందు పనిచేసిన వంటవాళ్ళ దగ్గర విన్నాడు. ఆయన అక్కడి మెస్‌లో పద్దెనిమిదేళ్ళు హెడ్ కుక్. అందుకే మాకు మెస్ వెనక రెండు గదులిచ్చారు. నాకు తొమ్మిదేళ్ళొచ్చేదాకా అదే నా ఊరు. బంగళాల మధ్య సందులకి ఒక ముసలి ఇంజనీరు తన సొంతూరి వీధుల పేర్లు పెట్టి చెక్క బోర్డులు కొట్టాడు: మిల్లు సందు, చర్చి వీధి, స్టేషను రోడ్డు. చుట్టుపక్కల మిల్లూ లేదు, చర్చీ లేదు, రైలైతే అసలే లేదు. వాళ్ళ ఊళ్ళో ఏరు పొంగితే మిల్లులోకి నీళ్ళొచ్చేవనీ, పిల్లలు తొట్టెల్లో కూచుని తేలేవాళ్ళనీ ఆయన చెబుతుంటే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. ఇంగ్లండంటే మా ఇంటి వెనకాలే ఉందని చాలాకాలం నమ్మాను.

ఆ ఊళ్ళో నాకున్న ఒకే ఒక్క భయం దుమ్ము. అది లేచిందంటే మిట్టమధ్యాహ్నం కూడా చాచిన చెయ్యి కనపడేది కాదు. అప్పుడు నాన్న మెస్ గుమ్మం ముందు వేలాడగట్టిన పైపు ముక్క మీద ఇనప గరిటెతో కొట్టేవాడు. మూడు దెబ్బలు, కాస్త ఆగి మళ్ళీ మూడు. బయట చిక్కుకున్నవాళ్ళు ఆ చప్పుడు పట్టుకుని భోజనానికి చేరేవారు. పిల్లలకి ఒకటే రూలు: దుమ్ములో కదలకూడదు, ఉన్నచోటే కూచోవాలి, చప్పుడు వినపడ్డాకే లేవాలి.

జనవరిలో ఒక శుక్రవారం పెట్టుకున్నాం. నాకు హైవే మీద బండి నడపాలంటే గుండె దడ. అందుకని మా పక్కింటివాళ్ళకి తెలిసిన ఓబులేసుని రమ్మన్నాను. రాయచోటి అబ్బాయి, ఒక ఇంట్లో హౌస్ డ్రైవరు, శుక్రవారం సెలవు. మెసైమీర్‌లో మా ఇంటి నుంచి ఆరింటికి బయల్దేరాం. దుఖాన్ రోడ్డు నేరుగా పడమటికి పోతుంది, దాదాపు ఎనభై ఐదు కిలోమీటర్లు, గంటకి కాస్త ఎక్కువ. రానూపోనూ పెట్రోలుకి అరవై రియాళ్ళు చాలు. షహానియా బంకు దగ్గర టీ తాగాం, కప్పు రెండు రియాళ్ళు. అక్కడే ఆరూ ముప్పావుకి నాన్న ఇన్సులిన్ సూది వేసుకున్నాడు. "అరగంటలో బీచ్‌లో ఉంటాం కదే, ఇడ్లీలు అక్కడే తిందాం" అన్నాడు. నేను సరేనన్నాను. ఆ సరే అనకుండా ఉండాల్సింది.

షహానియా దాటాక పొగమంచు కమ్మింది. ఓబులేసు నలభైలో నడిపాడు. దుఖాన్ గేటు దగ్గరికి వచ్చేసరికే ఏడున్నర. అక్కడి నేపాలీ గార్డు టార్చి వేసి మా ముఖాలు చూశాడు. "పాస్ నహీ హై తో మాఫీ, అంకుల్. కంపెనీ ఏరియా హై" అన్నాడు, పాసు లేనిదే వదలనని. నాన్న తెలుగులోనే, "నేను లోపల పద్దెనిమిదేళ్ళు వండాను బాబూ" అన్నాడు. ఆ అబ్బాయి పాపం చెయ్యి గుండె మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. "పోన్లే, కంచె వెనకనుంచి సముద్రానికి అడ్డదారి ఉండేది. అటునుంచైనా కనపడుతుంది" అన్నాడు నాన్న.

అడ్డదారి అంటే మట్టిరోడ్డు కాసేపు, ఆ తర్వాత తెల్లటి ఉప్పునేల. దాని మీద ఏవో టైర్ల జాడలున్నాయి. ఓబులేసు బ్రేకు వేశాడు. "యాడికక్కా? ఇది చూస్తే నాకు నమ్మకం ల్యా" అన్నాడు. నోరు మూసుకోవచ్చు కదా నేను! తొమ్మిదేళ్ళ తర్వాత పెరిగింది బందరులో కదా, ఉప్పు గురించి నాకు తెలియనిదేముందని. "పోనియ్యి ఓబులేసూ, మా వైపు ఉప్పుమళ్ళ మీద ఎడ్లబళ్ళే వెళ్తాయి" అన్నాను. ఇరవై గజాలు వెళ్ళామో లేదో పైపెచ్చు పగిలింది, కింద నల్లటి బురద. ముందు చక్రాలు సగం దిగబడ్డాయి. మా ఊరి మడి అడుగున తొక్కి గట్టిపరిచిన నేల ఉంటుంది, ఇక్కడ పైన ఒక్క పొరే. ఇది తర్వాత తెలిసింది.

ఓబులేసు చక్రాల కింద మ్యాట్లు దూరుస్తున్నాడు, నేను పక్కన నిలబడి అరుస్తున్నాను. "ఉండండర్రా, చెక్కముక్కేదైనా దొరుకుతుందేమో చూస్తా" అని నాన్న అనడం విన్నాను. విని కూడా పట్టించుకోలేదు. మళ్ళీ తలెత్తేసరికి ఆయన లేడు. చుట్టూ తెలుపు తప్ప ఇంకేమీ లేదు. ఆయన ఫోన్ కారులో చార్జింగులో ఉంది, ఇడ్లీల డబ్బా వెనక సీట్లో ఉంది, టైము ఏడూ యాభై. సూది వేసుకుని గంట దాటింది, కడుపులో మెతుకు లేదు.

"నాన్నా!" అని అరిచాను. ఆ అరుపు మంచులో అక్కడికక్కడే పడిపోయింది. అత్యవసర నంబరుకి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడారు, మంచు వల్ల నలభై నిమిషాలు పట్టొచ్చన్నారు. షుగరు పడిపోవడానికి అంతసేపు అక్కర్లేదు. ఓసారి మా ఇంట్లోనే ఆయన చెమటలు పట్టి, నన్నే "మీరెవరమ్మా" అని అడిగాడు. ఓబులేసు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. నేను పరిగెత్తబోతే నా చున్నీ పట్టుకుని ఆపాడు. "నువ్వు గూడ పోతే నేనెవుర్ని ఎతకాలక్కా? పది అడుగులు పోతే ఈ కారే కనపడదు" అన్నాడు. ప్రభువా, ఇంగ్లీషోళ్ళ ఊరూ వద్దు, ఏ ఊరూ వద్దు, మా నాన్నని ఇచ్చెయ్యి అని బయటికే ఏడ్చాను.

ఎలా తట్టిందో చెప్పలేను. "హారన్ ఆపు" అన్నాను. డిక్కీలోంచి స్పేరు చక్రం దింపించి, వీల్ స్పానర్ తీసుకుని దాని ఇనప రిమ్ము మీద కొట్టాను. మూడు దెబ్బలు. ఆగాను. మళ్ళీ మూడు. ఓబులేసు నాకు పిచ్చెక్కిందనుకున్నాడు, ముఖం చూస్తే తెలిసింది. ఆగిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి విన్నాను. ఏమీ లేదు. చేతులు బొబ్బలెక్కాయి. ఎన్నోసారో తెలియదు, దూరంగా, ఎడమవైపు, చప్పట్లు. మూడు.

"నువ్వు కొడతానే ఉండక్కా, నేను తిరిగొచ్చేదానికి" అని కారులోని జ్యూస్ డబ్బా జేబులో పెట్టుకుని ఓబులేసు ఆ వైపు వెళ్ళాడు. పది అడుగులకే మాయమయ్యాడు. ఇప్పుడు మంచులో ఇద్దరు. వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోంది, కానీ నేను కదిలితే ఇద్దరికీ దారి పోతుంది. ఏడుస్తూ కొట్టాను, కొడుతూ ఏడ్చాను. అంతకంటే కష్టమైన పని నేను జన్మలో చెయ్యలేదు.

ఓబులేసు ఆయన్ని దాదాపు మోసుకొచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది, పెదాలు తెల్లబడ్డాయి, చేతులు వణుకుతున్నాయి. "సగం జ్యూసు తాగించినాలే. నేల మీద బాసిపట్లేసుకోని కూసోనుండాడక్కా, చిన్నపిల్లోని మాదిరి" అన్నాడు. మిగతా సగం నేను తాగించి, ఇడ్లీ ముక్కలు చేసి నోట్లో పెట్టాను. పావుగంటకి ఆయన కళ్ళలోకి మనిషి తిరిగొచ్చాడు. హారన్ వినపడితే లారీల రోడ్డు మీదికొచ్చాననుకుని దూరంగా జరిగాడట. అంటే మేం హారన్ కొట్టేకొద్దీ ఆయన్ని తరిమామన్నమాట.

ఎనిమిదిన్నర దాటాక నేను ఫోన్ చేసినవాళ్ళ జీపొచ్చింది, తాడు కట్టి మా కారుని లాగింది. అప్పటికి మంచు విడింది. నాన్న చెప్పిన కంచె మాకు కుడివైపు, రెండొందల అడుగుల దూరంలో ఉంది. ఆయన నడిచింది ఎడమవైపు. అటు కనుచూపుమేర ఉప్పే. కంచె అవతల బంగళాలు లేవు, బోర్డులు లేవు, రేకుల గోదాములున్నాయి. నాన్న ఒంటికంటితో చాలాసేపు చూసి, "అదిగో, ఆ మూల మెస్సు" అన్నాడు. అక్కడ ఖాళీ నేల ఉంది. నేను "అవును నాన్నా" అన్నాను.

తిరుగుదారిలో షహానియా దాటాక ఆయన కిటికీలోంచి చూస్తూనే అన్నాడు: "పద్దెనిమిదేళ్ళు అందర్నీ అన్నానికి పిలిచానే అమ్మాయ్. నన్నెవరూ అలా పిలవలేదు, ఇవాళ్టిదాకా." ఓబులేసు రేడియో కట్టేశాడు.

ఈ ప్రయాణం రాయాలా వద్దా అని వారం తర్జనభర్జన పడ్డాను. చూద్దామని వెళ్ళిన ఊరు అక్కడ లేదు. ఉన్నదల్లా నాన్న చేతి చప్పుడు, అది నా చేతుల్లో ఉందని నాకే తెలియదు. భయం మాత్రం పోలేదు, మంచు పట్టిన పొద్దున్న ఇప్పటికీ లేచి ఆయన గదిలోకి తొంగి చూస్తాను. దుఖాన్ వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఒక్కటే: చలికాలంలో తొమ్మిది దాటాక బయల్దేరండి, తారురోడ్డు దిగకండి, వెంట ఇన్సులిన్ వాడే పెద్దవాళ్ళుంటే కంచంలో టిఫిన్ పడ్డాకే సూది తియ్యనివ్వండి. మా ఇంట్లో ఇప్పుడు అదే చట్టం. నేను ఇడ్లీలు వడ్డించి, గరిటెతో కంచం అంచు మీద మూడు దెబ్బలు కొడతాను. అప్పుడే నాన్న గదిలోంచి లేచి వస్తాడు.