మడచెట్ల ఒడ్డున మంగమ్మగారు

ఖర్జూరపు పాకం పోసి వండిన అన్నం వాసన తగిలితే నాకు ఆకలి చచ్చిపోతుంది. మొన్న సౌదీలో, రాస్ తనూరాలోని మిత్రుడి ఇంట్లో ఆ అన్నమే, వేయించిన చేపతో వడ్డించారు. రెండు ముద్దలు తిని చేయి కడుక్కున్నాను. ఆ అన్నం వండిపెట్టిన మంగమ్మగారు గుర్తొచ్చారు.

ఖతీఫ్ తీరంలో మడచెట్లను ఆనుకుని ఉన్న చిన్న అతిథిగృహంలో ఆవిడ వంటమనిషి, నేను మేనేజర్ని. తెడ్ల పడవలే తప్ప మోటారు పడవలుండవు, ప్లాస్టిక్ సీసాలుండవు, ఇక్కడివాళ్ల పాతకాలపు వంటలే పెడతాం అని వచ్చేవారికి మాటిచ్చేవాళ్లం. ఆ మాటలు రాసింది నేను. నమ్మింది ఆవిడ. యానాం దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఏళ్ల తరబడి అరబ్బుల ఇళ్లలో పనిచేసి, ఒక ముసలమ్మ దగ్గర ఆ వంటలు నేర్చుకున్నారు. నేను చేరిన వారంలోనే తొందరలో పడవ తాడు ఒక మడకొమ్మకు కట్టేశాను. ఆవిడ మోకాటి లోతు బురదలో దిగి వచ్చి ముడి విప్పారు.

"చేపపిల్లలు ఈ వేళ్ల సందుల్లోనే బతుకుతాయి బాబూ. మా ఊళ్లో మడ నరికేశాక మా ఆయన వల ఖాళీగానే వచ్చేదండి. లేకపోతే నేనీ దేశం ఎందుకొస్తాను?"

జనం పెరిగారు. మురుగు తొట్టి మాటిమాటికీ నిండుతోందని, మాకు వీసాలిచ్చిన యజమాని, మా కఫీల్, వంటింటి వెనక నుంచి మడలోకి గొట్టం వేయించాడు. "మీరు చెప్పండి బాబూ, మీ మాట వింటాడు" అని మంగమ్మగారు రోజూ అడిగేవారు. చూద్దాం లెండి అనేవాణ్ణి. ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇకామా కార్డు గడువు దగ్గరపడింది. దాన్ని పొడిగించాల్సింది ఆయనే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పాకిస్తానీ డాక్టరొకాయన భోంచేస్తూ, వంటింటి నీళ్లు ఎక్కడికి పోతాయని హిందీలో ఆవిడనడిగాడు. "ఉధర్, సాబ్" అంటూ చెట్లవైపు చూపించారు. డాక్టరు నావైపు తిరిగాడు. గుమ్మంలో కఫీల్ నిలబడి ఉన్నాడు.

"ఆవిడకు హిందీ సరిగా రాదు సార్. ట్యాంకరొచ్చి తీసుకెళ్తుంది" అని నవ్వాను.

మంగమ్మగారు ఎంగిలి పళ్లేలు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. నెల తిరగకుండా కఫీల్ ఆవిడకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాడు, ఇక తిరిగి రాకుండా. కారెక్కేటప్పుడు పెట్టె అందించాను. అందుకుంటూ ఆవిడ అన్నారు: "నాకు హిందీ రాదన్నారుగా బాబూ. పోనీలెండి. ఆ గొట్టం సంగతి మాత్రం చూడండి."

ఇకామా చేతికొచ్చిన నాలుగు నెలలకు ధైర్యం చేసి కఫీల్‌కు చెప్పాను. ఆయన "అతిథులు అడిగే దాకా ఎందుకు రానిచ్చావు? ముందే చెప్పి ఉంటే తీయించేవాణ్ణిగా" అన్నాడు. మర్నాడే తీయించేశాడు. అప్పటికే వంటింటి వెనక చెట్లన్నీ ఎండి నల్లబడ్డాయి.

ఆ సంగతి చెబుదామని వాళ్ల ఊరికి ఫోన్ చేశాను. కూతురెత్తింది. అమ్మ పోయి ఇరవై రోజులైందండీ అంది.

ఆయన నా మాట వింటాడని ఆవిడకు ముందే తెలుసు. నాకే తెలియలేదు. ఎక్కడ ఏ పనిచేసినా, ఆవేళ నేనాడిన అబద్ధం నాతోనే ఉంటోంది.