మా అయ్య ముసలివాడైన సాయంత్రం

మా చిన్నప్పుడు... జాలరిపేటలో మా గుమ్మం ముందు ఎవరైనా నిలబడి "మీ అయ్య ఏడే?" అని అడిగితే, నేను చెప్పాల్సిన జవాబు ఒక్కటే. "ఇంకా రాలేదు."

"లేడు" అనకూడదు. ఒకసారి పొరపాటున అన్నాను... అప్పుడు అమ్మ చేతిలో గరిటె ఉంది. నా వీపుకి ఆ సంగతి ఇప్పటికీ గుర్తే.

నేను రెండో తరగతిలో ఉండగా అయ్య తెప్ప వేసుకుని వేటకి వెళ్ళాడు. ఆ రోజు గాలి తిరగబడింది. మిగతా తెప్పలు ఎలాగో ఒడ్డుకి చేరాయి, అయ్యది చేరలేదు. శవం కూడా దొరకలేదు. దొరక్కపోవడం అమ్మకి ఆశ... చుట్టాలకి తలనొప్పి.

మా మేనత్త వచ్చినప్పుడల్లా ఇదే గొడవ. "ఎన్నాల్లు వదినా ఈ బొట్టు, ఈ గాజులు? నలుగురూ నవ్వుతన్నారు. మా అన్నకి సెయ్యాల్సింది సెయ్యనీ." అత్త చెడ్డ మనిషేం కాదు, తోడబుట్టినవాడికి కర్మ జరగలేదని ఆమె బాధ ఆమెది.

అమ్మ గంప నెత్తికెత్తుకుంటూ అనేది, "మీ అన్న శవం సూపించు. అప్పుడు తుడిసేత్తాను."

రోజూ సాయంత్రం అయ్య కంచం కడిగి, తుడిచి, గూట్లో బోర్లించేది. అందులో ఎవరూ తినకూడదు.

నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు మా బళ్ళో వార్షికోత్సవానికి నాటకం వేశారు. ఆడపిల్లల బడి, మగ వేషాలూ మావే. నాకు చెవిటి తాత వేషం వచ్చింది. అందరినీ నవ్వించే వేషం... ఎగిరి గంతేశాను.

మేకప్ వెయ్యడానికి వన్‌టౌన్ నుంచి ఒక పెద్ద సాయిబు గారు వచ్చారు. రేకుపెట్టె తెరిస్తే జిగురూ పౌడరూ కలిసిన ఘాటు వాసన. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నవ్వు బేటీ... ఇప్పుడు ఏడుపు మొకం ఎట్టు... ఇప్పుడు ఎండలో సముద్రం కేసి సూడు" అన్నారు. మొహం ఎక్కడ ముడత పడితే అక్కడ సన్నటి కుంచెతో గీత గీసేవారు. సముద్రం కేసి కళ్ళు చికిలించి చూడ్డం మా పేటలో ఒకరు నేర్పక్కర్లేదు. నాకైతే అది అచ్చం అయ్య పోలిక అనేవారు అందరూ.

జుట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగారు. "మీ అయ్యకి ఎక్కడ నెరిసింది? ముందా, సెవుల కాడా? నీకూ అక్కడే రావాల కదా."

అలవాటైన జవాబే నోట్లోంచి వచ్చేసింది. "మా అయ్య ఇంకా రాలేదండీ."

నాటకం చూడ్డానికి ఆలస్యంగా వస్తున్నాడనుకున్నారు పాపం. "రానీ మరి, సూసే ఏత్తాను" అని కుంచె పక్కన పెట్టి వేరే పిల్లల పని చూసుకున్నారు.

నల్లటి జడలతో, ముసలి మొహంతో నేను ఆ బెంచీ మీద కూర్చున్నాను. ఆయన మాటిమాటికీ గేటు కేసి చూస్తున్నారు... ఆయన్ని చూసి నేనూ చూడ్డం మొదలుపెట్టాను. నిజం చెప్తున్నా, ఆ కాసేపూ అయ్య వస్తాడనే అనిపించింది.

బెల్లు కొట్టేశారు. "మీ అయ్య లేటు సేసేడు బేటీ... నా సొంతంగా ఏసేత్తన్నాను" అని జడలు విప్పి పైకి కట్టి, చెవుల పక్కన తెల్ల పౌడరు పట్టించి, తెల్లమీసం అంటించి స్టేజీ ఎక్కించారు.

జనం పడీపడీ నవ్వారు. అమ్మ చేపలమ్ముకుని, ఖాళీ గంపతో అలాగే వచ్చి గోడ పక్కన నిలబడి ఉంది. నేను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, కళ్ళు చికిలించి అటు చూశాను. అమ్మ నవ్వడం లేదు. గంప అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

నాటకం అవగానే ఆ వేషంతోనే గంప పట్టుకుని ఇంటికి పరిగెత్తాను. తిడుతుందనుకున్నాను... "కూకో" అంది. గూట్లోంచి అయ్య కంచం తీసి అన్నం పెట్టి, చేపల పులుసు పోసింది. మీసానికి పులుసు అంటకుండా తినడానికి నా తిప్పలు నేను పడుతుంటే, ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

"ఇలాగయ్యేవోడన్నమాట..." అంది. నాతో కాదు.

తిన్నాక కొబ్బరినూనెలో గుడ్డ ముంచి నా మొహం తుడిచింది. మెల్లగా, ఒక్కో గీతా... చివరికి నేనే మిగిలాను. తర్వాత అదే గుడ్డతో తన బొట్టు తుడిచేసుకుంది. చెయ్యి పట్టుకున్నాను గాని ఆగలేదు.

"వచ్చేడు... తిన్నాడు. సాల్లే" అంది.

మర్నాడు ఎవరో కొత్తాయన వచ్చి ఇంటాయన ఉన్నాడా అని అడిగాడు. నేను "ఇంకా..." అనబోతుంటే లోపల్నుంచి అమ్మ గొంతు వినిపించింది. "లేడు బాబూ."

చాలా రోజులు అద్దం చూసుకోలేదు నేను. అయ్యని నేనే తీసుకొచ్చి, నేనే పంపించేశాననిపించేది. ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది, ఏం చెయ్యను.

ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాం. ఈ రోజుల్లో మేకప్పూ అక్కర్లేదు, కూర్చోబెట్టి ఏడుపు మొకం పెట్టించేవాళ్ళూ అక్కర్లేదు. ఫోను మీద వేలు ఆనిస్తే పసిపిల్లలు కూడా ముసలివాళ్ళైపోతున్నారు. మొన్న మా అమ్మాయి, అయ్య పెళ్ళిఫోటోని అలాగే తెల్లజుట్టుతో తయారుచేసి అమ్మకి చూపించింది. "అమ్మమ్మా, తాత ఇప్పుడుంటే ఇలా ఉండేవాడు."

అమ్మ ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసి, తిరిగిచ్చేసింది.

"ఈయనెవరో... మీ తాతని నాను సూసేనే."

మీ ఇళ్ళల్లో కూడా ముసలితనం చూడకుండా ఆగిపోయిన మొహాలు ఉండే ఉంటాయి... వాళ్ళు ఉండి ఉంటే ఇప్పుడు ఎలా ఉండేవారో కింద రాయండి. మా అమ్మకి చదువు రాదు, నేనే చదివి వినిపిస్తాను.