మధ్యలో వినిపించిన ఆమేన్

దయ్యాల కథలు చెప్పేవాళ్లను జీవితమంతా ఆటపట్టించినవాణ్ణి నేను. సైతాను ఉన్నాడని చర్చిలో చెబితే తలూపేవాణ్ణి కానీ, అది పాస్టరుగారి మీద గౌరవం కొద్దీ. వృత్తి రీత్యా సర్వేయర్ని. కొలతకు దొరకనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

మాది కాకినాడ వైపు కుటుంబం. నాన్న రైల్వే ఉద్యోగంతో రాయపూర్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. ఆయన పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. నేను నయా రాయపూర్‌లో ఆఫీసున్న ఒక రోడ్ల కంపెనీలో పనిచేస్తాను. కొన్నేళ్ల క్రితం నన్ను బస్తర్ అడవుల్లో సర్వేకి పంపారు. అక్కడి మలేరియా మెదడుకెక్కే రకం. నా భార్య సునీత నర్సు కాబట్టి, నేను బయల్దేరకముందే వారానికొకటి వేసుకునే మాత్రలు డాక్టరు చేత రాయించి తెచ్చింది. మర్చిపోకుండా ఆదివారం ఆదివారం వేసుకునేవాణ్ణి.

జీపు డ్రైవర్ సుఖ్‌రామ్ రాయపూర్ పక్కనున్న ధర్సీవా వాడు. ఎప్పుడు చూసినా నవ్వు మొహం. అతనికీ కంపెనీవాళ్లు అవే మాత్రలు ఇచ్చారు.

మా ఇంట్లో ఒక అలవాటుంది. భోజనానికి ముందు ప్రార్థనలో ఇంటివాళ్లను, కావలసినవాళ్లను పేరు పేరునా తలుచుకోవాలి. మా అమ్మ మొదలుపెట్టిందంటే పప్పుచారు చల్లారిపోవలసిందే. నేను దేవుణ్ణి అంతసేపు కూర్చోబెట్టను కానీ, పేర్లు మాత్రం వదలను. అడవిలోనూ మధ్యాహ్నం జీపు నీడలో డబ్బా విప్పి, కళ్లు మూసుకుని, మెల్లగా పైకే చెప్పుకునేవాణ్ణి.

ఒకరోజు ప్రార్థన ముగించగానే నా వెనక ఎవరో "ఆమేన్" అన్నారు. ముసలి మగ గొంతు. మా ఊరి చర్చిలో పెద్దవాళ్లు సాగదీసినట్టే సాగదీశాడు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. సుఖ్‌రామ్ దూరంగా వాగు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఆ చుట్టుపక్కల అలా ప్రార్థన చేసేవాణ్ణి నేనొక్కణ్ణే.

మాత్రలు మొదలుపెట్టినప్పటినుంచీ తల తిరుగుతోంది, పిచ్చి కలలు వస్తున్నాయి. ఇదీ ఆ కోవలోదే అనుకుని ఊరుకున్నాను.

తర్వాత మరో మధ్యాహ్నం అమ్మ పేరు, సునీత పేరు, మా పాప కీర్తన పేరు చెప్పి, "సుఖ్‌రామ్‌ని కాపాడు తండ్రీ" అన్నాను. ఇంకా చెప్పవలసిన పేర్లున్నాయి. అంతలోనే వెనకనుంచి "ఆమేన్" అని వినిపించింది. ఇక చాలు అన్నట్టుగా ఉంది. అన్నం ముట్టుకోలేకపోయాను.

ఆ సాయంత్రం సిగ్నల్ ఉన్నచోటికి వెళ్లి సునీతకు ఫోన్ చేశాను.

"ఆ గోలీలేనండీ! వాటితో కొందరికి లేనిపోనివి వినిపిస్తాయి. డాక్టర్ సాబ్‌తో మాట్లాడి మార్పిస్తాను. మీరు ఘబ్రా అవ్వకండి," అంది.

ప్రాణం లేచొచ్చింది. ఆ వారమే రోజుకొకటి వేసుకునే కాప్సూల్స్‌కి మారిపోయాను. సుఖ్‌రామ్‌నీ మార్చుకోమన్నాను. కలలో పాములొస్తున్నాయని అతను మాత్రలు ఎప్పుడో మానేశాడట. "హమ్‌కో కుఛ్ నహీ హోతా సాబ్," తనకేమీ కాదని నవ్వేశాడు.

కొద్దిరోజులకే అతనికి జ్వరం వచ్చింది. జగ్దల్‌పూర్ ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. రెండోరోజు పోయాడు. నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఏడ్చినా లెక్క మాత్రం తప్పలేదు నాకు. మాత్ర మానేశాడు, దోమ కుట్టింది, జ్వరం తలకెక్కింది. నాకు వినిపించింది మందు ప్రభావం. రెండింటికీ సంబంధం లేదు. అలాగే చెప్పుకున్నాను.

సర్వే అయ్యి ఇంటికొచ్చాను. వచ్చాక కూడా నాలుగు వారాలు కాప్సూల్స్ వేసుకోవాలి కాబట్టి వేసుకుంటున్నాను. కలలు పోయాయి. తల తిరగడం లేదు.

ఒక మధ్యాహ్నం సునీత డ్యూటీలో ఉంది. నేను, అమ్మ, కీర్తన భోజనానికి కూర్చున్నాం. అమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. చుట్టాలు, చర్చివాళ్లు, పక్కింటివాళ్లు, నేను, సునీత. పేర్లలో చివరగా, "మా కీర్తనని చల్లగా చూడు ప్రభువా," అంది.

"ఆమేన్."

అదే గొంతు. పాత మాత్ర ఒంట్లోంచి పోవడానికి చాలా వారాలు పడుతుందని సునీత అప్పుడే చెప్పింది. అదే, అదే అనుకుంటూ కళ్లు గట్టిగా మూసుకున్నాను.

కానీ అమ్మ ప్రార్థన ఆగిపోయింది.

"మధ్యలో ఆమేన్ అన్నదెవర్రా?"

"నేను కాదమ్మా."

"నువ్వు కాదని తెలుస్తూనే ఉంది. ఎవరో ముసలాయన." అమ్మ గది చుట్టూ చూసింది. కీర్తన మాత్రం అప్పటికే అప్పడం విరుచుకుంటోంది.

మా అమ్మ జన్మలో మలేరియా మాత్ర మింగలేదు. అడవిలో జరిగింది నేను సునీతకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదని సునీత ఒట్టేసి చెప్పింది. ఆరోజే అమ్మకి సుఖ్‌రామ్ సంగతంతా చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మందు వల్లనైతే నా ఒక్కడికే వినిపించాలి. మందు వల్ల కాకపోతే ఏమిటో నాకు తెలియదు. ఎన్నిరకాలుగా ఆలోచించినా తేలలేదు.

పిల్లకి ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, సునీత రక్తపరీక్షకు పరుగెత్తుతుంది. ఇన్నేళ్లలో ఏమీ కాలేదు. కానీ ఆ మధ్యాహ్నం నుంచి మా ప్రార్థనలో ఆ ఒక్క పేరూ ఎవరం పలకం. అందరి పేర్లూ అయ్యాక అమ్మ అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. మేం ముగ్గురం కళ్లు మూసుకుని చెవులు రిక్కించి కూర్చుంటాం.

మొన్న ఆ నిశ్శబ్దంలో కీర్తన కళ్లు తెరిచింది.

"నానమ్మా, రోజూ అందరి పేర్లూ చెప్తావ్. మేరావాలా ఎందుకు చెప్పవ్?"

అమ్మ నా వైపు చూసింది. నేను సునీత వైపు చూశాను. పిల్ల మళ్లీ కళ్లు మూసుకుని, చేతులు జోడించి, తన పేరు తనే చెప్పుకోవడం మొదలుపెట్టింది.