రాజీరు వ్యాసంలో నేను అడిగిన పేరు

1950లో నేను మానుకోటలో ఉపాధ్యాయ శిక్షణ తరగతికి తెలుగు చెప్పేవాణ్ణి. మానుకోట అంటే ఇప్పటి మహబూబాబాదే. పోలీసు చర్య జరిగి అప్పటికి రెండేళ్ళు కాలేదు. అంతదాకా ఉర్దూలో నడిచిన బడుల్లోకి తెలుగు వస్తోంది. పల్లె పంతుళ్ళకు తెలుగులో వ్యాసం రాయడం నేర్పే పని నాకు పడింది. మాది జనగామ. వయసు ఇరవై ఆరు. నాకు తెలియనిది లేదనుకునే రోజులు.

వ్యాసం రాయించడం చిన్న పని, తిరగరాయించడమే పెద్ద పని. మొదటి ప్రతిని డ్రాఫ్ట్ అనేవాళ్ళం. కాగితానికి ఎడమ పక్క నాలుగు వేళ్ళ మార్జిన్ వదలమనేవాణ్ణి, నేను రాసుకోవడానికి. తప్పు నేను దిద్దేవాణ్ణి కాదు. మార్జిన్‌లో ప్రశ్న వేసేవాణ్ణి, వాళ్ళే జవాబు వెతికి మళ్ళీ రాయాలి. ఎవరు? ఎక్కడ? ఎప్పుడు? నీకెట్లా తెలుసు? ఈ నాలుగింటికీ నిలబడని వాక్యం వ్యాసంలో ఉండకూడదన్నది నా పట్టు. అది మంచి పద్ధతేనని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే ఈ సంగతి చెప్పుకోవడం నాకు కష్టం.

ఆ తరగతిలో రాజీరు ఉండేవాడు. ఇరవై రెండేళ్ళవాడు, గూడూరు అవతల అడవి అంచున ఒక ఊళ్ళో బడిపంతులు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే అక్క లచ్చమ్మ కూలి చేసి చదివించింది. శిక్షణ పాసయితేనే అతని నౌకరి నిలుస్తుంది. పాస్ కావాలంటే వ్యాసం మీద నా సంతకం ఉండాలి.

'మా ఊరి బతుకు' అని రాయమన్నాను. అతని డ్రాఫ్ట్‌లో ఒకచోట ఆగిపోయాను. "మా ఊళ్ళో ఒకామె రోజూ పెరటి దడి మీద జొన్న గట్క ముంత పెడుతుంది. అడవిలో ఉన్నవాళ్ళు వచ్చి తిని, ముంత కడిగి బోర్లించి పోతారు. ఆమె వాళ్ళ మొహాలు చూడదు." నాకు తెలిసి ఆ తరగతిలో అంత మంచి మాటలు మరెవరూ రాయలేదు. మార్జిన్‌లో రాశాను: ఎవరీమె? నీకెట్లా తెలుసు?

మర్నాడు ఆ కాగితం పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"పేరొద్దు సార్. ఒకామె అంటె సమజైతది గద."

"సమజైతె సాల్తదా? సదివినాయన ఇది నువ్వు కల్పించినవంటడు."

"అననీ సార్. నాకేం పోతది?"

వెనక బెంచీ నుంచి కొమురయ్య అనే పెద్ద వయసు పంతులు అందుకున్నాడు. "మనోడు పెండ్లాం పేరడిగితెనే తల దించుకుంటడు సార్. ఇగ గామె పేరేం జెప్తడు!"

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు చూసుకొని ఇంకో మాట అన్నాను. "పేరు రాసే ధైర్యం లేనోనివి, పోరగాండ్లకు నిజమెట్ల నేర్పుతవ్ రాజీరూ?"

అతను కాగితం తీసుకొని వెళ్ళిపోయాడు. రెండు రోజులకు తిరగరాసి తెచ్చాడు. "ఆమె మా అక్క లచ్చమ్మ. రెండేళ్ళుగా పెడుతోంది. నేను కళ్ళారా చూశాను."

నాకేమీ తెలియదని చెప్పలేను. రోజూ బడి ముందు నుంచే మిలిట్రీ లారీలు కొత్తగూడ వైపు పోయేవి. సంఘపోళ్ళకు, అంటే అడవుల్లో ఉన్న కమ్యూనిస్టు దళాలకు, అన్నం పెట్టారని మనుషుల్ని పట్టుకుపోతున్నారని తెలుసు. అయినా నా తరగతిలోని కాగితం తరగతిలోనే ఉంటుందన్నట్టు ప్రవర్తించాను. నా పద్ధతి గెలిచిందన్న సంబరం తప్ప ఆ క్షణంలో నాకింకేదీ పట్టలేదు.

ఫెయిర్ కాపీ, అంటే తప్పులు లేకుండా ఎత్తిరాసిన చివరి ప్రతి, తనిఖీకి పెట్టాలి. అధికారి వచ్చిన రోజు రాజీరుది అన్నిటికంటే పైన పెట్టాను. ఆయన చదివి, బాగా నేర్పారని నన్ను మెచ్చుకొని, ఆ ఒక్క వ్యాసం వెంట తీసుకుపోయాడు. ఆ సంగతి సాయంత్రం ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను.

పది రోజులు తిరగకముందే లచ్చమ్మను మిలిట్రీ క్యాంపుకు పట్టుకుపోయారు. రాజీరు తరగతికి రావడం మానేశాడు. తర్వాత ఆ క్యాంపు జమేదారు ఒకడు ఆ ఫెయిర్ కాపీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇందులో రాసింది నిజమేనా మాస్టారూ?"

నిజం కాదు, ఏదో ఒక పేరు పెట్టమని నేనే ఒత్తిడి చేస్తే పెట్టాడు అని ఉండవచ్చు. ఆమెకు కొంచెం దారి దొరికేదేమో.

"నేను భాష వరకే చూసిన. సంగతి నాకు తెలువది" అన్నాను.

అతను పోగానే సొరుగులోంచి డ్రాఫ్ట్ తీసి పొయ్యిలో పెట్టాను. మార్జిన్‌లో ఉన్నది నా చేతిరాత.

నాలుగు నెలలకు లచ్చమ్మను వదిలారని తెలిసి వాళ్ళ ఊరికి వెళ్ళాను. సంతకం చేసిన పాస్ కాగితం జేబులో ఉంది, దానితో ఏదో సరిచేయగలనన్నట్టు. అప్పటికే అతని నౌకరి తీసేశారు. ఆమె కుడి చేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఎడమ చేత్తోనే చాప పరిచింది.

"కూసో సారూ. తమ్మీ, మీ సారొచ్చిండు."

రాజీరు బయటికి రాలేదు. జరిగినదంతా ఆమెకు చెప్పాను, జమేదారుతో ఆడిన మాటతో సహా. ఆమె చివరిదాకా విన్నది.

"మావోడు పేరు రాయనంటె నవ్విన్రంట?"

"అవునక్కా. నేను గూడ నవ్విన."

"నౌకరి పోతదంటె రాసెటోడు గాదు సారూ. కొట్టినా రాయకపోతుండె. పిరికోడంటెనే తట్టుకోలేకపోయిండు."

అప్పుడు లోపలి నుంచి రాజీరు గొంతు వచ్చింది. "అక్కా, ఆయన్ను పొమ్మను."

వచ్చేశాను. జేబులోని కాగితం బయటికి తీయనేలేదు. రాజీరు మళ్ళీ బడి గడప తొక్కలేదు, రోడ్డు పనికి పోయేవాడని విన్నాను.

తర్వాత జనగామలో ముప్పై ఏళ్ళు వ్యాసాలు దిద్దాను. భూపాలపల్లి అడవుల నుంచి వచ్చిన పిల్లలకూ చెప్పాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడగడం మానలేదు. 'ఇది రాయను సార్' అని ఒక్కరన్నా అంటే మాత్రం మళ్ళీ అడగలేదు, నలుగురి ముందు అసలే అడగలేదు. రాజీరు నాకు చూపించిన 'ఒకామె' తొందరలో రాసిన మాట కాదు. ముందు పేరు అనుకొని, ఆలోచించి, అక్క ప్రాణాన్ని తలుచుకొని కొట్టేసిన తర్వాత మిగిలిన మాట అది. ఆ వ్యాసాన్ని అతను నా దగ్గరికి తెచ్చేలోపే దిద్దుకున్నాడు. నేను చెడగొట్టాను.