మోగిన బహుమతి

నా చిన్నప్పుడు దాచేపల్లి పక్క సున్నపురాయి క్వారీలో రాళ్ళు పగలేసే తూటా పేలితే మా ఇంటి గోడలు అదిరేవి. ఆ క్వారీలో మా పెద్దమ్మ రాళ్ళు మోసేది. పేల్చే ముందు ఎవరూ హెచ్చరించేవారు కాదు. ఒకసారి అలాగే రాయి ఎగిరిపడి ఒకామె కాలు విరిగితే, పెద్దమ్మే ఆమెను భుజాన వేసుకుని రోడ్డుదాకా చేర్చింది. ఆ తర్వాత కూలీలంతా కలిసి సైరన్ పెట్టించమని అడిగారు. యజమాని చూద్దామన్నాడు.

సైరన్ రాలేదు. పంద్రాగస్టున బహుమతి వచ్చింది. యజమాని పెద్ద ఇత్తడి పళ్ళెం మీద తన పేరే చెక్కించి, సాహసానికి మెచ్చి ఇస్తున్నానంటూ మా బడిలోనే దాన్ని పెద్దమ్మ చేతికిచ్చాడు. మాస్టారు నోబెల్ బహుమతి గురించి చెప్పారు. డైనమైట్ కనిపెట్టినాయన, మానవాళికి మేలు చేసినవారికి పంచమని తన ఆస్తి రాసిపోయాడట. మన యజమానీ అంతటివాడేనని ముగించారు. పెద్దమ్మ పళ్ళేన్ని వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

ఆ ఆదివారం ఆమెకు అన్నం పట్టుకెళ్ళాను. తూటాలకు నిప్పు పెట్టబోతుండగా ఆమె పళ్ళెం తీసి సుత్తితో బాదింది. క్వారీ గుంతంతా మోగింది. ఆడవాళ్ళు తట్టలు వదిలేసి గట్టెక్కారు. యజమాని జీపు దిగి వచ్చాడు.

“ఏమే, నేనిచ్చిన బహుమతిని సుత్తితో కొడతావా? రేపట్నించి పనికి రాబాక!”

“ఏందయ్యా అంత కోపం? మీ పేరు చానా దూరం ఇనపడతంది గదా!”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకామె ముందుకొచ్చి పెద్దమ్మ చేతిలో సుత్తి అందుకుంది. “ఈమె రాకపోతే నేను కొడతా. నన్నూ తీసేస్తే ఇంకొకతి కొడతది,” అంది. యజమాని అందరి మొహాలూ చూసి జీపెక్కాడు. మర్నాడు పెద్దమ్మ పనికి వెళ్ళింది. పళ్ళెం వెంట తీసుకునే వెళ్ళింది. దెబ్బలకు దాని మీది పేరు కొన్నాళ్ళకే చదవరాకుండా పోయింది.

ఇప్పటికీ ఏటా నోబెల్ వార్త రాగానే గెలిచినవారి పేర్లు డైరీలో ఎక్కించి, వారి పని వల్ల ఎవరు క్షేమంగా ఇల్లు చేరుతున్నారో పక్కన రాసుకుంటాను. తెలియకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేస్తాను. నా పదవీ విరమణ సభలో శాలువా కప్పబోతుంటే, జనం జారిపడుతున్న మన ఆఫీసు మెట్లకు రెయిలింగ్ ఎప్పుడు పెడతారని మైకులోనే అడిగాను. పెట్టాక కప్పమన్నాను. శాలువా వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది. నాకేమీ చలి పుట్టలేదు.